ఉమ్రాకు బస ఎక్కడ?

మన కుటుంబాలలో చాలామందికి మొదటి విదేశ ప్రయాణం ఉమ్రాయే. "హరమ్‌కు 500 మీటర్లే" అంటాడు ఏజెంటు. ఎటువైపు అని అడిగేవారిని మేము అరుదుగా చూశాము. మక్కా కొండల నడుమనున్న లోయ. అజ్యాద్ వైపు పైన బస దొరికితే పోయేటప్పుడు పల్లమే, నమాజు ముగించి వచ్చేటప్పుడు ఎత్తు ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మీజాన్ రెండో రోజుకే గదిలో నమాజు చేసుకుంటారు. ఇంత ఖర్చుపెట్టి తీసుకెళ్ళింది అందుకా? పెద్దవాళ్ళకు ఇబ్రాహీమ్ ఖలీల్ రోడ్డు వెంబడి మిస్ఫలా నయం. ఆ పేరుకు అర్థమే పల్లపు ప్రాంతం. అజీజియా చవక, కాని హరమ్‌కు కిలోమీటర్ల దూరం. బస్సు ఉందా, ఫజర్ వేళకూ నడుస్తుందా అన్నది ముందే కాగితం మీద రాయించుకోవాలి. మదీనాలో మస్జిదె నబవీ చుట్టూ నేల చదునే. అక్కడ కాస్త దూరమైనా ఫరవాలేదు, మిగిలిన డబ్బు మక్కా గదికి పెట్టండి.