మారిషస్ వనాలలో ఒక ఒంటరి చెట్టు

సెలవుల్లో ద్వీపానికి ప్రయాణం అనగానే అందరి మనసుల్లో మెదిలేది నీలి సముద్రమూ, తెల్లని ఇసుకా. ఆ రెండూ చూసి, నాలుగు ఫోటోలు తీయించుకుని తిరిగి వచ్చేవారే ఎక్కువ. కానీ ఒడ్డు విడిచి కాస్త లోపలికి నడిస్తే ఆ నేల తన కథ తానే చెబుతుంది. ఆ కథ వినాలనుకునే కుటుంబాలు తప్పక చూడదగిన చోటు హిందూ మహాసముద్రంలోని మారిషస్.

మడగాస్కర్‌కు తూర్పున ఉన్న ఈ చిన్న దేశం మనకు పూర్తిగా పరాయిది కాదు. 1834 తర్వాత చెరకు తోటల్లో కూలి పనికి వెళ్లిన భారతీయులలో మన తెలుగువారు కూడా ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదనే వారికి అక్కడ కోరంగివారు అనే పేరు స్థిరపడింది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా అక్కడే. దేశ జనాభాలో ఇంచుమించు ఆరుగురిలో ఒకరు ముస్లింలు. బడుల్లో తెలుగూ నేర్పుతారు, ఉర్దూ నేర్పుతారు. కనుక హలాల్ భోజనం ఎక్కడ దొరుకుతుందో, జుమా నమాజు ఎక్కడ చదవాలో అనే బెంగ అక్కరలేదు.

రాజధాని పోర్ట్ లూయిస్‌లో 19వ శతాబ్దం నాటి జుమ్మా మసీదు ఉంది. దాని ఆవరణలో ఒక పెద్ద బాదం చెట్టు ఉంది. మన ఊళ్లలో ఆకులు కోసి విస్తళ్లు కుట్టే నాటు బాదం జాతే అది. వేల మైళ్ల అవతల, మసీదు ముంగిట అదే ఆకు, అదే నీడ! మారిషస్ పచ్చదనాన్ని చూడటం ఆ చెట్టు కింద నుంచి మొదలుపెట్టినా తప్పులేదు.

పంపరపనస పేరున్న తోట

పోర్ట్ లూయిస్‌కు ఉత్తరాన కొద్ది దూరంలో పాంప్లెమూస్ ఉద్యానవనం ఉంది. ఫ్రెంచి భాషలో ఆ మాట ఒక నారింజ జాతి పండుకు పేరు. మన పంపరపనస పేరుతో దానికున్న పోలిక చెవికి వెంటనే తెలుస్తుంది. 1735 ప్రాంతంలో ఫ్రెంచి గవర్నరు లా బూర్డొనే ఇంటికీ, రేవుకు వచ్చే ఓడలకూ కూరగాయలు పండించడానికి మొదలైన పెరటి తోట ఇది. మారిషస్ తొలి ప్రధాని సర్ శివసాగర్ రామ్‌గులామ్ పేరును 1988లో దీనికి పెట్టారు.

ఈ తోటకు ప్రపంచ ఖ్యాతి తెచ్చినవాడు పియేర్ పొవావ్ర్. ఫ్రెంచిలో ఆ ఇంటిపేరుకు మిరియం అని అర్థం! ఆ రోజుల్లో జాజికాయ, లవంగాల వ్యాపారమంతా డచ్చివారి గుప్పిట్లో ఉండేది. మొలుకస్ దీవుల నుంచి ఒక్క మొక్క కూడా బయటికి పోకుండా వారు కట్టుదిట్టమైన కాపలా పెట్టారు. ఆ కాపలాను దాటి పొవావ్ర్ మనుషులు 1770లో జాజి, లవంగం మొక్కలను మారిషస్‌కు చేర్చారు. తర్వాత 19వ శతాబ్దం ఆరంభంలో ఈ ప్రాంతపు దీవుల నుంచే లవంగం జాంజిబార్ చేరింది. ఒమాన్ సుల్తానుల ఏలుబడిలో జాంజిబార్ లవంగాల దీవిగానే పేరు పొందింది. మన ఇళ్లలో బిర్యానీకి మసాలా దట్టించేటప్పుడు ఆ చిన్న మొగ్గ వెనుక ఎన్ని సముద్రాలున్నాయో పిల్లలకు చెప్పవచ్చు.

తోటలో అందరూ ఆగిపోయేది నీటి కలువల కొలను దగ్గర. అంచులు పైకి లేచిన పెద్ద పళ్లేల్లా, మీటరుకు పైగా వెడల్పున ఆకులు నీటిపై పరుచుకుని ఉంటాయి. పువ్వు మొదటి సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మరునాటికి గులాబీ రంగుకు మారి, అంతటితో వాడిపోతుంది. దీనికి పూర్తిగా భిన్నమైనది శ్రీతాళం. మన పూర్వులు గ్రంథాలు రాసుకున్న తాళపత్రాలలో శ్రీతాళపు ఆకులూ ఉన్నాయి. ఈ చెట్టు ముప్ఫై ఏళ్లో, అరవై ఏళ్లో, ఒక్కొక్కటి ఎనభై ఏళ్లో బలం కూడగట్టుకుని జీవితంలో ఒక్కసారే పూస్తుంది. లక్షలాది పూలతో తల నిండా పూసి, కాయలు రాల్చి చనిపోతుంది. ఒకే తోటలో రెండు రోజుల పువ్వూ, ఎనభై ఏళ్ల నిరీక్షణా!

తోడు లేని తాటి

ద్వీపం మధ్యలో పీఠభూమి మీద క్యూర్‌పిప్ పట్టణం ఉంది. అక్కడి చిన్న ఉద్యానవనంలో కంచె వేసి కాపాడుతున్న ఒక తాటి జాతి చెట్టు ఉంది. దాని శాస్త్రీయ నామం హయోఫోర్బె అమారికౌలిస్. చూడటానికి పెద్ద విశేషమేమీ కనబడదు. ఎందరో యాత్రికులు పక్క నుంచే నడిచి వెళ్లిపోతారు. కానీ ఆ జాతిలో ప్రపంచానికి తెలిసిన చెట్టు అదొక్కటే. దాని మీద ఆడ పూలూ, మగ పూలూ వేర్వేరు సమయాల్లో విచ్చుకుంటాయి. అందువల్ల తనంతట తాను కాయ కట్టి వంశం నిలుపుకోవడం దానికి దుర్లభం. ప్రయోగశాలల్లో మొలకెత్తించగలిగారు కానీ ఆ మొక్కలు మట్టిలో నిలదొక్కుకోలేదు.

ఒక జాతి అంతరించింది అని పుస్తకంలో చదవడం వేరు, అంతరించబోయేదాని ఎదుట నిలబడటం వేరు. పిల్లవాడు "దీని తర్వాత?" అని అడిగితే పెద్దవాళ్ల దగ్గర జవాబు ఉండదు.

అడవి ఎందుకు పోయింది?

1598లో డచ్చివారు దిగేనాటికి ఈ ద్వీపంలో మనుషులు కాపురం లేరు. కొండా కోనా అంతా అడవే. 1638లో కాపురం మొదలైంది. నల్లని చేవ కోసం ఎబొనీ చెట్లను నరికారు. మన తెలంగాణలో బీడీలు చుట్టే తునికాకు చెట్టుకు ఈ ఎబొనీ దగ్గరి చుట్టమే. ఓడల్లో వచ్చిన ఎలుకలు, కోతులు, పందులు నేల మీది గూళ్లను పాడుచేశాయి. ఎగరలేని డోడో పక్షి వందేళ్లు తిరగకుండానే మాయమైంది. తర్వాత చెరకు వచ్చి మిగిలిన నేలను కప్పేసింది. చెరకు నాటిన చేతుల్లో మన తాతల చేతులూ ఉన్నాయి. కానీ ఎక్కడ నాటాలో, ఎంత నరకాలో నిర్ణయించింది వారు కాదు. నేడు చెడకుండా మిగిలిన తొలినాటి అడవి నూటికి రెండు పాళ్లు కూడా లేదు.

ఆ మిగిలినదానిలో చాలా భాగం నైరుతి దిక్కున బ్లాక్ రివర్ గార్జెస్ జాతీయ వనంలో ఉంది. 1994లో ఏర్పడిన ఈ వనం విస్తీర్ణం సుమారు 6,500 హెక్టార్లు. కాలిబాటలు, లోయలు, జలపాతాలు, మబ్బుల్లో తడిసే చెట్లు మనసును కట్టిపడేస్తాయి. అయితే కంటికి కనబడే పచ్చదనమంతా అడవి కాదు. బయటి నుంచి తెచ్చిన చైనా జామ దట్టంగా అల్లుకుని స్థానిక మొక్కలను ఎదగనివ్వదు. దాని ఎర్రని పండ్లు రుచిగా ఉంటాయి కనుక జనానికి ఇష్టమే. అతిథిగా వచ్చి ఇంటినే ఆక్రమించుకున్న తీరు అది! కొన్ని చోట్ల కంచెలు కట్టి, ఈ జామను వేళ్లతో సహా పీకి, అసలు అడవికి ఊపిరి పోస్తున్నారు.

నలుగురి నుంచి వందల దాకా

నిరాశపడి వెనుదిరగనక్కరలేదు. మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగ 1974 నాటికి అడవిలో నాలుగంటే నాలుగే మిగిలాయి. కార్ల్ జోన్స్ అనే జీవశాస్త్రవేత్త, ఆయన సహచరులు పట్టు వదలలేదు. తొలి గుడ్లను తీసి పొదిగిస్తే తల్లి పక్షి మళ్లీ గుడ్లు పెడుతుంది. ఈ చిన్న ఉపాయంతో సంఖ్య పెంచారు. నేడు ఆ డేగలు వందల్లో ఉన్నాయి. పది దాకా పడిపోయిన గులాబీ పావురాలు కూడా అలాగే నిలదొక్కుకున్నాయి.

ఆగ్నేయ తీరంలో ఇల్ ఓ ఎగ్రెత్ అనే 26 హెక్టార్ల చిన్న దీవి ఉంది. అక్కడి పెద్ద తాబేళ్లు ఏనాడో అంతరించాయి. వాటి స్థానంలో అల్దబ్రా దీవి తాబేళ్లను వదిలారు. అవి ఎబొనీ పండ్లు తిని గింజలను దూరదూరంగా వదులుతుంటే కొత్త మొక్కలు లేస్తున్నాయి. 2020 జులైలో వకాషియో అనే సరుకు ఓడ ఆ తీరంలోనే దిబ్బకు తగిలి, తర్వాత చమురు ఒలికినప్పుడు ఊళ్లకు ఊళ్లే కదిలాయి. చెరకు ఆకులు గోనెల్లో, గుడ్డల్లో కూరి తేలే అడ్డుకట్టలు కట్టారు. ఒకనాడు అడవిని మింగిన చెరకే ఆనాడు తీరానికి అడ్డు నిలిచింది.

వెళ్లేవారికి నాలుగు మాటలు

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపానుల కాలం. మే నుంచి అక్టోబరు వరకు ప్రయాణానికి అనువు. క్యూర్‌పిప్ వైపు వాన ఎప్పుడైనా రావచ్చు, గొడుగు మరవకండి. అడవిలోకి వెళ్లే ముందు, తర్వాత బూట్ల మట్టి కడగండి. ఆ మట్టిలోని ఒక్క విత్తనం చాలు, మరో జామ పుట్టడానికి. కోతులకు తిండి పెట్టకండి. ఇంటి నుంచి మొక్కలు, విత్తనాలు తీసుకెళ్లకండి, అక్కడివి తేకండి.

అంత దూరం వెళ్లే స్తోమత అందరికీ ఉండదు. అలాంటివారు కోరంగికి వెళ్లవచ్చు. ఒకనాడు ఓడలు కదిలిన ఆ చోట నేడు మడ అడవులున్నాయి, 1978 నుంచి అది అభయారణ్యం. పిల్లలను పడవలో కూర్చోబెట్టి మడ వేళ్లు చూపించండి. మన చేతికి వచ్చిన అమానతు ఎంతో, అందులో ఎంత మిగిల్చి ఇస్తున్నామో వారే లెక్క చూస్తారు. క్యూర్‌పిప్ తాటి గురించి కూడా అక్కడే చెప్పండి. తోడున్న చెట్ల మధ్య కూర్చుని వింటే ఆ ఒంటరి చెట్టు బాధ వారికి బాగా అర్థమవుతుంది.