వేరుచేసిన లాంగర్‌హాన్స్ పుటికల నిల్వ: ఉష్ణోగ్రత, ఆక్సిజన్, వ్యవధి

ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామాలలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఫ్రిజ్ లేని ఇంట ఇన్సులిన్ సీసాను తడి మట్టికుండ చల్లదనంలో కొన్ని వారాలు కాపాడుకోవచ్చు. కాని ఆ ఇన్సులిన్‌ను స్రవించే లాంగర్‌హాన్స్ పుటిక సజీవ కణసముదాయం. దానికి చల్లదనం ఒక్కటే చాలదు, ఆక్సిజన్ కూడా అందాలి.

క్లోమంలో ఉన్నంతకాలం రక్తకేశనాళికలు పుటిక లోపలి దాకా ఆక్సిజన్‌ను చేరవేస్తాయి. కొలాజినేజ్ ఎంజైముతో వేరుచేసినపుడు ఆ సరఫరా తెగిపోయి, వ్యాపనం ఒక్కటే ఆధారమవుతుంది. 50 నుంచి 500 మైక్రోమీటర్ల వరకు ఉండే పుటికలలో పెద్దవాటి కేంద్రభాగం ముందుగా నశించడానికి ఇదే కారణం.

అందుచేత పుటికలను కుప్పపడనీయక, లోతు తక్కువైన మాధ్యమంలో పలుచగా పరుస్తారు. 5 శాతం కార్బన్ డయాక్సైడ్ మాధ్యమపు పీహెచ్‌ను నిలకడగా ఉంచుతుంది. 37 డిగ్రీల వద్ద జీవక్రియతో పాటు ఆక్సిజన్ అవసరమూ పెరుగుతుంది. 22 డిగ్రీల వద్ద రెండూ తగ్గుతాయి. కనుక కొన్ని గంటలు 37 వద్ద కోలుకోనిచ్చి, ఆపై 22కు దించడం పలు ప్రయోగశాలలు అనుసరించే పద్ధతి.

కెనడాలోని ఎడ్మంటన్ బృందం 2000లో ప్రచురించిన అధ్యయనంలో ఏడుగురు రోగులకు పుటికలను వర్ధనం చేయకుండానే ఎక్కించారు. తరువాత 24 నుంచి 72 గంటల వర్ధనం వాడుకలోకి రావడంతో నాణ్యతా పరీక్షలకు, రోగిని సిద్ధపరచడానికి వ్యవధి చిక్కింది. హైదరాబాద్ వంటి నగరంలో ఈ చికిత్స జరిగితే, సుమారు 300 కిలోమీటర్ల దూరాన ఉన్న భద్రాచలం రోగికి ఆ వ్యవధే ప్రయాణకాలం. అయితే వర్ధనం సాగేకొద్దీ కొన్ని పుటికలు నశిస్తూనే ఉంటాయి. కాబట్టి వర్ధన కాలాన్ని నిర్ణయించేటపుడు రోగి రాకకు పట్టే గంటలను, ఆ గంటలలో కోల్పోయే పుటికలను కలిపి తూచవలసి ఉంటుంది.