కొత్త ప్రాజెక్ట్‌కి పాత ఫోల్డర్ ఎందుకు వద్దంటే

పోయిన ఎండాకాలం సెలవుల్లో బెల్లంపల్లిలో ఇంట్లో ఉండగా ఒక ఫోన్ వచ్చింది. మా లైన్‌లోనే ఉండే అక్క. "తమ్మీ, రక్తం అవసరం పడితే చేస్తరని నీకు నంబర్ ఇచ్చిన. ఇప్పుడు ఎవరెవరో చేస్తున్నరు. నా నంబర్ యాడ పెట్టినవ్?" అంది.

నేనెక్కడా పెట్టలేదనే అనుకున్నా. మేం నలుగురం కలిసి మినీ ప్రాజెక్ట్‌గా జాంగోలో రక్తదాతల వెబ్ అప్లికేషన్ చేశాం. ఇల్లిల్లూ తిరిగి 41 మంది పేర్లు, బ్లడ్ గ్రూపులు, నంబర్లు రాసుకొచ్చాం. లాగిన్ అయితేనే నంబర్ కనిపించేలా కోడ్ కూడా రాశాం. ఆ రాత్రి గిట్‌హబ్ తెరిచి చూస్తే గుండె జారిపోయింది. కోడ్ పక్కనే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైల్ పబ్లిక్‌గా కూర్చుని ఉంది. అక్కకి వచ్చిన కాల్స్ అక్కడి నుంచే వచ్చాయని నా దగ్గర రుజువు లేదు. కానీ మూడు నెలలుగా 41 మంది నంబర్లు ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకునేలా ఉన్నమాట నిజం.

తప్పు ఎక్కడ జరిగిందో వెతికితే మొదటి రోజే జరిగింది. ఒక సీనియర్ ప్రాజెక్ట్ ఫోల్డర్ కాపీ చేసుకుని, పేర్లు మార్చి మొదలుపెట్టాం. మనలో చాలామంది చేసేది ఇదే కదా!

క్వార్టర్ వేరు, క్వార్టర్ ప్లాన్ వేరు

సింగరేణి క్వార్టర్లు చూసినవాళ్లకి ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఒక టైప్ క్వార్టర్లన్నీ ఒకే ప్లాన్ మీద కట్టి ఉంటాయి. వంటగది ఎక్కడో, నల్లా ఎక్కడో చీకట్లో కూడా చెప్పొచ్చు. తర్వాత ఒకరు ముందు రేకులు వేసుకుంటారు, ఇంకొకరు జామచెట్టు పెడతారు. అది వాళ్లిష్టం. కానీ ఖాళీ చేసిన పాత క్వార్టర్‌లోకి వెళ్తే ప్లాన్ ఒక్కటే రాదు. ముందున్నాయన లాగిన వైరింగ్ కూడా వస్తుంది. ఏ వైర్ ఎక్కడికి పోతుందో మనకి తెలియదు, స్విచ్ వేస్తే షాక్ కొట్టినప్పుడే తెలుస్తుంది.

సీనియర్ ఫోల్డర్ అలాంటి పాత క్వార్టర్. టెంప్లేట్ అంటే ఉత్త ప్లాన్. మేం తెచ్చుకున్న ఫోల్డర్‌లో ఉన్న పాత వైరింగ్ ఇది:

ఒకటి, గిట్ ఏ ఫైళ్లను పట్టించుకోకూడదో చెప్పే 'డాట్ గిట్‌ఇగ్నోర్' ఫైల్ లేదు. అందుకే డేటాబేస్ కూడా పైకి వెళ్లింది.

రెండు, సెట్టింగ్స్ ఫైల్‌లో సీక్రెట్ కీ సీనియర్‌దే. పాస్‌వర్డ్ రీసెట్ లింకులు, సంతకం చేసిన కుకీలు అసలువా నకిలీవా అని జాంగో తేల్చుకునేది ఆ కీతోనే. అంటే ఒకే తాళంచెవి రెండు బ్యాచ్‌ల ఇళ్లకి.

మూడు, డీబగ్ ట్రూ అని ఉంది. సర్వర్‌లో పెట్టాక కూడా అలాగే వదిలేస్తే, ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ మన కోడ్ లోపలి సంగతులు బయటివాళ్ల స్క్రీన్ మీద పడతాయి.

జాంగో ఇచ్చే చిన్న అచ్చు

నిజానికి జాంగోలోనే ఒక టెంప్లేట్ ఉంది. 'జాంగో-అడ్మిన్ స్టార్ట్‌ప్రాజెక్ట్' అని కొట్టి పేరు ఇస్తే మేనేజ్ డాట్ పై, సెట్టింగ్స్, యూఆర్ఎల్స్ లాంటి ఆరు ఫైళ్లు తయారవుతాయి. ప్రతిసారీ కొత్త సీక్రెట్ కీ పుడుతుంది. దాని ముందు 'జాంగో-ఇన్‌సెక్యూర్' అని కూడా రాసి ఉంటుంది, అంటే ఇది నేర్చుకోవడానికే, సర్వర్‌కి పనికిరాదని హెచ్చరిక. టైమ్‌జోన్ యూటీసీ అని వస్తుంది. దాన్ని 'ఏషియా స్లాష్ కోల్‌కతా' చేయకపోతే మన టైమ్‌కి అయిదున్నర గంటలు వెనక చూపిస్తుంది. ఈ చిన్న అచ్చు గిట్‌ఇగ్నోర్ ఇవ్వదు, అది మనమే రాసుకోవాలి.

కుకీకట్టర్ అనే పెద్ద అచ్చు

2013లో ఆడ్రే రాయ్ గ్రీన్‌ఫెల్డ్ మొదలుపెట్టిన పైథాన్ టూల్ కుకీకట్టర్. పేరుకి బిస్కెట్లు కోసే అచ్చు. మనింట్లో గరిజెల అచ్చు అనుకోండి. ఆకారం అచ్చుది, లోపలి పూర్ణం మనది.

ఇది పనిచేసే తీరు చాలా సింపుల్. టెంప్లేట్ ఫోల్డర్‌లో కుకీకట్టర్ డాట్ జేసన్ అనే ఫైల్‌లో ప్రశ్నలు, వాటి డిఫాల్ట్ జవాబులు ఉంటాయి. ప్రాజెక్ట్ పేరేంటి, రాసిందెవరు, టైమ్‌జోన్ ఏంటి, ఇలా. మిగతా ఫైళ్లలో పేరు రావాల్సిన చోట జంట మీసాల బ్రాకెట్లలో ఒక ఖాళీ వదిలి ఉంటుంది. మనం జవాబులు చెప్పగానే జింజా అనే ఇంజన్ ఆ ఖాళీలు నింపి కొత్త ఫోల్డర్ ఇస్తుంది. ఫోల్డర్ల పేర్లు కూడా అలాగే మారతాయి. చివర్లో హుక్స్ అనే చిన్న పైథాన్ స్క్రిప్టులు నడుస్తాయి. అక్కర్లేని ఫైళ్లు తీసేయడం, కొత్త కీలు పుట్టించడం వాటి పని.

వాడాలంటే ముందు పిప్‌తో కుకీకట్టర్ ఇన్‌స్టాల్ చేయాలి. తర్వాత టెర్మినల్‌లో కుకీకట్టర్ అని కొట్టి, పక్కన టెంప్లేట్ గిట్‌హబ్ అడ్రస్ ఇస్తే చాలు. జాంగో కోసం బాగా పేరున్న టెంప్లేట్ 'కుకీకట్టర్-జాంగో'. అందులో మాకు పనికొచ్చినవి రెండు.

మొదటిది, సెట్టింగ్స్ ఒకే ఫైల్‌గా ఉండవు. అందరికీ కలిపి బేస్, మన ల్యాప్‌టాప్‌కి లోకల్, టెస్టులకి టెస్ట్, సర్వర్‌కి ప్రొడక్షన్ అని విడిపోయి ఉంటాయి. ప్రొడక్షన్ కీలు, పాస్‌వర్డ్‌లు కోడ్‌లో కాకుండా ఎన్విరాన్‌మెంట్ నుంచి వస్తాయి.

రెండోది, సొంత యూజర్ మోడల్ మొదటి నుంచే ఉంటుంది. ఇదెందుకంటే, ఒకసారి డేటాబేస్ టేబుళ్లు తయారయ్యాక యూజర్ మోడల్ మార్చడం పెద్ద తలనొప్పి. మధ్యలో "ఫోన్ నంబర్‌తో లాగిన్ పెడదాం" అని ఎవరైనా అంటే అప్పుడు తెలుస్తుంది దీని విలువ.

అలాగని అన్ని ప్రశ్నలకీ ఎంటర్ కొట్టుకుంటూ పోకండి. డాకర్ కావాలా, సెలరీ కావాలా అని అడుగుతుంది. మీ టీమ్‌లో కనీసం ఒక్కరికైనా అదేంటో తెలియకపోతే వద్దనే చెప్పండి. లోకల్ ఎన్విరాన్‌మెంట్ ఫైళ్లను గిట్‌లో ఉంచాలా అని కూడా ఒక ప్రశ్న ఉంటుంది. దాన్ని ఆగి చదవండి. వైవాలో "ఈ ఫైల్ ఎందుకుంది?" అంటే "టెంప్లేట్‌లో వచ్చింది సార్" అనేది జవాబు కాదు.

ఇంకో సంగతి. కుకీకట్టర్ ఒక్కసారి అచ్చు పోసి వదిలేస్తుంది. తర్వాత టెంప్లేట్‌లో మంచి మార్పులొచ్చినా మన ప్రాజెక్ట్‌లోకి వాటంతటవి రావు. అది కావాలంటే క్రఫ్ట్, కాపియర్ అనే టూల్స్ ఉన్నాయి.

మేం చివరికి ఏం చేశాం

ఫైల్ డిలీట్ చేసి మళ్లీ పుష్ చేస్తే సరిపోతుందనుకున్నాం. సరిపోదు. గిట్ పాత కమిట్లలో అది అలాగే ఉంటుంది. రిపాజిటరీ మొత్తం తీసేశాం. 41 మందికీ ఫోన్ చేసి జరిగింది చెప్పాం. కొందరు "పోనీ తియ్ బిడ్డా" అన్నారు, ఇద్దరు గట్టిగానే తిట్టారు.

పెద్ద టెంప్లేట్ మా చిన్న అప్లికేషన్‌కి బరువనిపించింది. దాన్ని చూసి నేర్చుకుని మాకు మేమే చిన్న టెంప్లేట్ చేసుకున్నాం. స్టార్ట్‌ప్రాజెక్ట్‌కి 'టెంప్లేట్' అనే ఆప్షన్ ఇచ్చి మన ఫోల్డర్ చూపిస్తే దాన్నే అచ్చుగా వాడుకుంటుంది. అందులో గిట్‌ఇగ్నోర్, రెండు సెట్టింగ్స్ ఫైళ్లు, సొంత యూజర్ మోడల్, ఒక రీడ్‌మీ, అంతే. సర్వర్‌లో పెట్టేముందు మేనేజ్ డాట్ పైతో 'చెక్ డాష్ డాష్ డిప్లాయ్' నడుపుతాం. డీబగ్ ఆన్‌లో ఉన్నా, కీ బలహీనంగా ఉన్నా అదే చెప్పేస్తుంది.

ఇప్పుడు మా జూనియర్లు ప్రాజెక్ట్ ఫోల్డర్ అడిగితే ఈ టెంప్లేటే ఇస్తున్నాం. అందులో ఎవరి నంబర్లూ లేవు.

కొత్త అప్లికేషన్ సిద్ధమయ్యాక ఆ అక్క ఇంటికి వెళ్లి ల్యాప్‌టాప్‌లో చూపించా. ఏ ఫైల్ ఎక్కడుంటుందో, ఎవరికి కనిపిస్తుందో చెప్పా. అంతా విని, "సరే, ఆలోచించి చెప్తా" అంది. వారం తర్వాత నంబర్ ఇచ్చింది.