పెండ్లివిందు – వినోదం

అయిదు రోజుల పెండ్లి ఒక పూట పెండ్లి అయి చాలాకాలమైనది. ఆ అయిదు రోజులూ పంచుకొని సాగిన వేడుక అంతా ఇప్పుడు సాయంకాలపు విందులో మూడు గంటల వ్యవధికి ఒదుగవలసి వచ్చినది. అందుచేతనే కాబోలు, వంటకాలు నిర్ణయించినంత సులువుగా గృహస్థు వినోదాన్ని నిర్ణయించలేకున్నాడు. ఎవరో బాగున్నదన్నారని పాటకచేరినో, పక్కవీధివారు పెట్టించినారని డీజేనో కుదిర్చి, బయానా ఇచ్చి ఊరట పొందుతున్నాడు.

వెనుకటి పెండ్లిలో వినోదం రెండు తెరగులు. సొమ్మిచ్చి పిలిపించినది ఒకటి, వచ్చినవారే కల్పించుకొన్నది మరొకటి. ఈ రెండవదాని పట్టిక పెద్దది: నలుగుపాట, తలంబ్రాలపాట, వియ్యపురాండ్రను ఎత్తిపొడిచే పాటలు, బంతులాట, తలుపు అడ్డగించి వధూవరులచేత ఒకరి పేరు ఒకరు చెప్పించడం, తుదకు అందరిచేత కంటనీరు పెట్టించే అప్పగింతపాట. ఇందులో పాడేవారు, వినేవారు అనే భేదం లేదు. పాటలో వెక్కిరిస్తే పాటలోనే బదులు చెప్పాలి, చెప్పలేనివారు ఓడినట్లే. కొత్తగా కలిసిన రెండు కుటుంబాల బిడియాన్ని అరగంటలో పోగొట్టడానికి ఇంతకన్న మంచి ఉపాయం కనిపించదు. 1958లో వెలువడిన ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’తో బిరుదురాజు రామరాజుగారు పల్లెపాటకు విశ్వవిద్యాలయంలో గౌరవం కల్పించినారు. ఆ పాటకు గ్రంథంలో పీట దొరికినది గాని, పందిట్లో చోటు తగ్గినది.

ఇక పిలిపించిన వినోదం సంగతి. సంపన్నుల పెండ్లిళ్లలో భోగంమేళం ఒకనాడు హోదాకు గురుతు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు (1848–1919) ఆ ఆచారంపై కలమెత్తి పోరాడినారు. 1947లో మద్రాసు రాజధానిలో దేవదాసీ సమర్పణను నిషేధిస్తూ చట్టం వచ్చినది. ఆచారం పోవడం మంచిదే. దోషం పాటలో లేదనీ, పాడినామెను చూచిన చూపులో ఉన్నదనీ మరచి, కళను కూడ కొంతకాలం వెలివేయడం మాత్రం విచారకరం.

హరికథకు అట్టి అపవాదు లేదు. గజ్జెకట్టి, చిడతలు పట్టి, పండితులకూ పామరులకూ ఒక్కసారే రుచించేటట్లు దానిని తీర్చినవారు ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945). 1919లో విజయనగరంలో నెలకొన్న సంగీత కళాశాలకు వారే తొలి అధ్యక్షులు. రుక్మిణీకల్యాణమో, సీతాకల్యాణమో ముప్పావుగంటకు కుదించి చెప్పించుకొంటే విందుసభకు నేటికీ శోభ. రాత్రి పొడుగునా చెప్పించాలని పట్టుపట్టరాదు; అతిథులకు ఆఖరు బస్సు ఉంటుంది.

పిల్లల సంగతి తరచు మరపుకు వస్తున్నది. నిమ్మలకుంట వంటి ఊళ్లలో తోలుబొమ్మలాట ఇంకా బ్రతికి ఉన్నది. కేతిగాడు, బంగారక్క తెరమీదికి వస్తే పిల్లలను కూర్చోబెట్టడానికి మరెవరూ అక్కరలేదు. ఊరి బడిపిల్లల కోలాటమూ తక్కువదేమీ కాదు.

అన్నిటికన్న ముందు ఆలోచించవలసినది చప్పుడు. 2000 నాటి శబ్దకాలుష్య నియమావళి నివాసప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు హద్దుగా విధించినది. 55 అంటే ఇంచుమించు మనిషి మాటాడే గొంతు. పదేండ్లకు కలిసిన మేనత్తా మేనల్లుడూ పక్కపక్కనే కూర్చుండి సైగలతో మాటాడుకొనే విందుకు ఎంత ఖర్చుపెట్టినా ఏమి ప్రయోజనం? భోజనవేళ వీణో వేణువో మెల్లగా వినిపిస్తే చాలు. అప్పగింతపాట వచ్చిన పెద్దమ్మ ఇంట్లో ఉన్నదేమో కనుగొని, బయానా ఇవ్వక పూర్వమే ఆమెను అడగడం మరీ మంచిది. ఆమె పాటకు మైకు కూడ అవసరం లేదు.

సన్నాయిని వినోదాల జాబితాలో చేర్చడం పొరపాటు. అది పెండ్లికి అంగం. నేటి ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా (1924–1999) 1998లో సంగీతకళానిధి బిరుదు పొందినారు. మహమ్మదీయ కుటుంబాలు తరతరాలుగా హిందూ దేవాలయాలలో, పెండ్లిపందిళ్లలో ఈ వాద్యం ఊదుతూ వచ్చిన సంగతి విద్యార్థులు ఎరుగదగినది. కడుపు నిండితే ఊపిరి నిలువదని మేళగాండ్రు వాయిద్యం ముగిసిన తరువాతనే భోజనానికి లేస్తారు. అప్పటికి తరచు గాడిపొయ్యి ఆరి, గంగాళాలు కడుగుతూ ఉంటారు. వారి విస్తళ్లు ముందే లెక్కకట్టి, పప్పూ కూరా పక్కకు తీయించి ఉంచవలసినది ఇంటి యజమానియే.