కుదురుగా కూర్చునే పిల్లకు ఏడీహెచ్‌డీ ఉంటుందా?

"వీడికి ఒక్క నిమిషం కాలు నిలవదు సిస్టర్, ఇది ఆ జబ్బేనా?" అని అడిగే తల్లులు చాలామంది. కుదురుగా కూర్చుని, పాఠం మధ్యలో ధ్యాస ఎటో పోయే పిల్ల గురించి అడిగేవారు తక్కువ. ఆ పిల్లను బద్ధకస్తురాలని తిట్టి ఊరుకుంటారు. ఒకప్పుడు వైద్య గ్రంథాలు కూడా గెంతే పిల్లలనే చూశాయి.

అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రచురించే డీఎస్‌ఎం అనే గ్రంథం 1968లో దీనిని పిల్లల్లో అతి చలనంగానే చెప్పింది. 1980లో ఆలోచన మారింది. అసలు సమస్య ధ్యాస నిలవకపోవడమని, అతి చురుకుదనం ఉండవచ్చు, లేకపోవచ్చునని రాశారు. ఏడీహెచ్‌డీ అనే పేరు 1987లో వచ్చింది. 1994లో దీనిని మూడు రకాలుగా విభజించారు. ధ్యాస మాత్రమే నిలవని పిల్లలకు అందులో ఒక రకం కేటాయించారు.

అయితే ఇబ్బంది ఏడేళ్ళలోపే కనబడి ఉండాలని అప్పటి నియమం. తెలివిగల పిల్లలు చిన్న తరగతులు ఎలాగో నెట్టుకొస్తారు. పాఠాలు పెరిగాక తడబడతారు. అప్పటికి ఏడేళ్ళు దాటిపోతాయి! 2013లో ఈ హద్దును 12 ఏళ్ళకు పెంచారు. ధ్యాసకు 9, అతి చురుకుదనానికి 9 లక్షణాల జాబితాలున్నాయి. ఏదో ఒక జాబితాలో పిల్లలకు 6 ఉండాలి, 17 ఏళ్ళు నిండినవారికి 5 చాలు. ఆటిజం ఉన్నవారికి కూడా ఏడీహెచ్‌డీ నిర్ధారించవచ్చని అప్పుడే ఒప్పుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో 2022 నుండి ఇదే పేరు వాడుకలోకి వచ్చింది.

అలాగని అల్లరి చేసే ప్రతి బిడ్డకూ ఈ పేరు పెట్టరు. లక్షణాలు కనీసం ఆరు నెలలు ఉండాలి. ఇంట్లోనూ బడిలోనూ, అంటే రెండు చోట్లైనా కనబడాలి. చదువుకో, నలుగురితో మెలగడానికో అడ్డు కావాలి. దీనిని తేల్చే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ లేదు. చూపు, వినికిడి, నిద్ర, మూర్ఛ సంగతులు కూడా వైద్యులు అడుగుతారు. వీటిలో ఏ లోపమున్నా ధ్యాస చెదరవచ్చు.

అందుకే వచ్చేటప్పుడు బిడ్డ నోటు పుస్తకాలు, టీచరుగారు రాసిచ్చిన చీటీ వెంట తీసుకురండి. ఏడేళ్ళ తర్వాత మొదలైందని చిన్నప్పుడు కాదనిపించుకున్నవారు ఇప్పుడు పెద్దవారైనా మళ్ళీ చూపించుకోవచ్చు. పాత ప్రోగ్రెస్ కార్డులు, ఆ రోజులు గుర్తున్న అమ్మగానీ అక్కగానీ వెంట ఉంటే వైద్యులకు తేలికవుతుంది.