వీడియో గేమ్‌లు: ఏ ఆట, ఎంతసేపు, దేని బదులు?

సినిమా గానీ టీవీ గానీ చూసేవారితో నిమిత్తం లేకుండా సాగిపోతుంది. వీడియో గేమ్ అలా కాదు. ఆడేవారు మీట నొక్కితేనే కదులుతుంది, తప్పు చేస్తే అక్కడే ఓడిస్తుంది, ఒప్పు చేస్తే ఆ క్షణమే పాయింట్లో కొత్త లెవెలో ఇస్తుంది. చేసిన పనికి ఫలితం వెంటనే కనిపించడం పిల్లలకు ఎంతో ఇష్టం. గేమ్‌ల వల్ల కలిగే మేలుకూ, జరిగే కీడుకూ మూలం ఇక్కడే ఉంది.

1958లో అమెరికాలోని బ్రూక్‌హేవన్ జాతీయ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ అనే భౌతికశాస్త్రవేత్త, చూడవచ్చిన జనం వినోదం కోసం ఆసిలోస్కోప్ తెర మీద టెన్నిస్ ఆట తయారుచేశాడు. 1972లో అటారీ సంస్థ తెచ్చిన పాంగ్‌తో వీడియో గేమ్ వ్యాపారంగా మారింది. మన దేశంలో 1990లలో టీవీకి తగిలించి ఆడే మారియో, కాంట్రా క్యాసెట్లు, ఆ తర్వాత గంటకింత అని తీసుకునే ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి. 2016 తర్వాత డేటా చౌక కావడంతో గేమ్ నేరుగా ఫోన్‌లోకి చేరింది. దీంతో రెండు మార్పులు వచ్చాయి. షాపు మూసే వేళ, అద్దె డబ్బులు అయిపోవడం లాంటి అడ్డు లేకుండా పోయింది. రెండోది డబ్బు సంగతి: క్యాసెట్‌ను ఒకసారి కొంటే సరిపోయేది. ఫోన్ గేమ్ ఉచితంగా దొరుకుతుంది, ఆడేవారు ఎంత ఎక్కువసేపు ఆడితే దాన్ని తయారుచేసిన కంపెనీకి అంత ఆదాయం. అందుకే ఈనాటి గేమ్‌ల మంచిచెడ్డలను గంటల లెక్క ఒక్కటే తేల్చలేదు. ఆడేది ఏ ఆట, దాన్ని ఎలా తయారుచేశారు, ఆ సమయం పిల్లల దినచర్యలో దేన్ని పక్కకు నెట్టింది అన్నవి కూడా చూడాలి.

చూపు, ఆలోచన, స్నేహం

గేమ్‌ల వల్ల మేలుందని చెప్పే పరిశోధనల్లో గమనించే శక్తికి సంబంధించినవి ముఖ్యమైనవి. 2003లో రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన షాన్ గ్రీన్, డాఫ్నీ బవేలియర్ ఒక ప్రయోగం చేసి నేచర్ పత్రికలో ప్రచురించారు. గేమ్‌ల అలవాటు లేనివారిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టు చేత రోజుకు గంట చొప్పున పది రోజులు మెడల్ ఆఫ్ ఆనర్ అనే యుద్ధపు ఆట, రెండో జట్టు చేత టెట్రిస్ ఆడించారు. తెర అంచున తళుక్కుమని మాయమయ్యే గుర్తులను కనిపెట్టడంలో మొదటి జట్టు ఎక్కువ మెరుగైంది. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, లేజీ ఐ అని డాక్టర్లు చెప్పే మందదృష్టి ఉన్న పెద్దవాళ్లకు మంచి కంటిని మూసి, రెండో కంటితో 40 గంటలు గేమ్ ఆడించినప్పుడు చూపు కొంత బాగుపడినట్టు తేల్చారు. వైద్యం కోసమే తయారైన గేమ్ కూడా ఉంది. ఏకాగ్రత నిలవని ఏడీహెచ్‌డీ సమస్య ఉన్న 8 నుంచి 12 ఏళ్ల పిల్లలకు డాక్టర్ చీటీ మీద ఇచ్చేలా ఎండెవర్‌ఆర్‌ఎక్స్ అనే గేమ్‌ను 2020 జూన్‌లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది.

ఈ ఫలితాలను ఉన్నదానికన్నా పెద్దవి చేసి చూడకూడదు. మొదటి రెండు ప్రయోగాలూ పెద్దవాళ్ల మీద, పరిశోధకుల కనుసన్నల్లో, కొద్ది గంటలపాటు జరిగినవి. శత్రువు ఏ మూల నుంచి వస్తాడో పసిగట్టే చూపు వేరు, పాఠం చివరిదాకా ఓపికగా చదివే నిలకడ వేరు. మొదటిది వచ్చినంత మాత్రాన రెండోది వచ్చినట్టు కాదు.

ఆలోచనకు పదునుపెట్టే గేమ్‌లకు మైన్‌క్రాఫ్ట్ మంచి ఉదాహరణ. అందులో పిల్లలు చదరపు దిమ్మెలతో ఇళ్లు, ఊళ్లు కడతారు. తనంతట తాను తెరుచుకునే తలుపు కావాలంటే రెడ్‌స్టోన్ అనే ఎర్రపొడిని గీతలా పరిచి సంకేతం పంపాలి. ఆ సంకేతం 15 దిమ్మెల దూరం వెళ్లేసరికి ఆగిపోతుంది. ఇంకా ముందుకు పోవాలంటే మధ్యలో రిపీటర్ పెట్టాలి. రెండు మీటలూ వేస్తేనే తలుపు తెరుచుకోవాలంటే గీతలను మరోలా కలపాలి. కంప్యూటర్ చిప్పుల్లో లాజిక్ గేట్లు పనిచేసేదీ ఈ పద్ధతిలోనే. ఆ పేరు కూడా వినని పదేళ్ల పిల్ల తలుపు తెరుచుకోకపోతే ఎక్కడ తప్పు జరిగిందో వెతికి, విప్పి, మళ్లీ కడుతుంది. చదరంగం, పజిల్, వ్యూహం మీద నడిచే ఆటలు కూడా ముందుచూపు, ఓటమిని తట్టుకుని మళ్లీ ప్రయత్నించడం నేర్పుతాయి.

జట్టుగా ఆడే గేమ్‌లు స్నేహాన్ని కలుపుతాయి. 2020 లాక్‌డౌన్‌లో బడులు మూతపడినప్పుడు చాలామంది పిల్లలు స్నేహితులతో మాట్లాడుకున్నది గేమ్‌ల మైకుల్లోనే. ఎదురెదురుగా మాట్లాడటానికి బిడియపడే పిల్లలకు కలిసి చేసే పని ఒకటుంటే మాట కలపడం తేలికవుతుంది.

నిద్ర, కళ్లు, ఒళ్లు

గేమ్‌ల వల్ల ముందుగా దెబ్బతినేది నిద్ర. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, ఆపై టీనేజీ వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణుల సూచన. రాత్రి పొద్దుపోయేదాకా ఆడితే పడుకునే వేళ వెనక్కి జరుగుతుంది. గెలుపోటముల ఉద్వేగం వల్ల ఫోన్ పక్కన పెట్టాక కూడా చాలాసేపు నిద్ర పట్టదు. మర్నాడు క్లాసులో కునికిపాట్లు, చిరాకు, మతిమరుపు మొదలవుతాయి. మార్కులు తగ్గడానికి గేమ్ కన్నా ఈ నిద్రలేమే కారణమైన సందర్భాలు ఉంటాయి.

తెరను తదేకంగా చూస్తున్నప్పుడు రెప్పలు కొట్టడం తగ్గి, కళ్లు పొడిబారి మండుతాయి. ఎప్పుడూ దగ్గరి వస్తువులనే చూడటం, ఎండ తగలకపోవడం వల్ల దూరపు చూపు మందగించే హ్రస్వదృష్టి వచ్చే అవకాశం పెరుగుతుంది. చైనాలోని గ్వాంగ్‌జౌ బడుల్లో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరేడేళ్ల పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఆడించారు. మూడేళ్లలో వారిలో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి వచ్చింది. అలా ఆడించని బడుల్లో 39.5 శాతం మందికి వచ్చింది. తెర తగ్గించడంతోపాటు ఎండలో ఆడించడం కూడా కంటికి రక్షణేనని దీన్నిబట్టి తెలుస్తుంది.

గంటల తరబడి మెడ వంచి కూర్చోవడం, బొటనవేళ్లతో అదేపనిగా నొక్కడం వల్ల మెడ, మణికట్టు నొప్పులు వస్తాయి. కదలిక తగ్గి, తెర ముందే చిరుతిళ్లు తినే అలవాటు తోడైతే బరువు పెరుగుతారు. మూర్ఛ ఉన్న కొందరు పిల్లలకు తెర మీద వేగంగా మెరిసే వెలుగుల వల్ల ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. అలాంటి పిల్లల విషయంలో డాక్టర్‌ను అడిగాకే గేమ్ ఇవ్వాలి.

ఆపనివ్వని తయారీ

పిల్లలు గేమ్ ఆపకపోవడానికి మొండితనం ఒక్కటే కారణం కాదు. బాటిల్ రాయల్ తరహా ఆటలో దాదాపు వందమంది విమానంలోంచి పారాచ్యూట్లతో ఒక దీవి మీదికి దిగి, ఆయుధాలు ఏరుకుంటారు. సమయం గడిచేకొద్దీ క్షేమంగా ఉండే వలయం కుంచించుకుపోతుంది, బయట ఉండిపోయినవారి ప్రాణం తరిగిపోతుంది. చివరిదాకా మిగిలినవారిదే గెలుపు. పెద్ద మ్యాప్‌లో ఒక మ్యాచ్ చివరిదాకా సాగితే అరగంట దాకా పడుతుంది. మధ్యలో ఆపి తర్వాత అందుకునే వీల్లేదు. ఇరవై ఐదో నిమిషంలో “అన్నం చల్లారిపోతోంది, లేరా నాన్నా” అని అమ్మ కేకేస్తే, లేచిన పిల్లాడికి ర్యాంకు పాయింట్లు పోతాయి. నలుగురి జట్టులో మిగతా ముగ్గురి చేతా మాట పడాలి. “ఒక్క నిమిషం” అన్న జవాబు అక్కడి నుంచి వస్తుంది. మ్యాచ్ మధ్యలో ఫోన్ లాక్కోవడం కన్నా, కొత్త మ్యాచ్ మొదలుకాకముందే ఇదే చివరిదని ఒప్పించడం వల్ల గొడవ తగ్గుతుంది.

క్యాండీ క్రష్ లాంటి గేమ్‌ది మరో పద్ధతి. అందులో ఐదు ప్రాణాలుంటాయి. ఓడిన ప్రతిసారీ ఒకటి పోతుంది, పోయిన ఒక్కో ప్రాణం తిరిగి రావడానికి అరగంట పడుతుంది. ఎదురుచూడలేనివారు డబ్బు కట్టొచ్చు, లేదా స్నేహితులను అడగొచ్చు. ప్రాణాలు నిండాయని ఫోన్ మోగినప్పుడు పుస్తకం ముందున్న చెయ్యి కూడా అటే పోతుంది. రోజూ లాగిన్ అయితే బహుమతి, ఒక్కరోజు తప్పితే లెక్క మళ్లీ మొదటికి రావడం కూడా ఇలాంటి ఏర్పాటే.

వీటన్నిటికన్నా బలమైంది ఎప్పుడొస్తుందో తెలియని బహుమతి. మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద ప్రయోగాలు చేసి, ఎన్నోసారి పొడిస్తే గింజ వస్తుందో తెలియనప్పుడు అవి ఆగకుండా పొడుస్తూనే ఉంటాయని చూపించాడు. గేమ్‌లలో లూట్ బాక్స్ అనే పెట్టె ఈ సూత్రం మీదే నడుస్తుంది. డబ్బు పెట్టి పెట్టె తెరిస్తే అరుదైన తుపాకీ రావచ్చు, పనికిరాని చొక్కా రావచ్చు. డబ్బు పెట్టి తెరిచే ఇలాంటి పెట్టెలు జూదం కిందికే వస్తాయని 2018లో బెల్జియం తేల్చిచెప్పింది.

డబ్బు, అపరిచితులు

ఇంట్లోవాళ్ల కార్డు వివరాలు ఫోన్‌లో ఉండి, కొనేముందు పాస్‌వర్డ్ అడగని ఏర్పాటు ఉంటే, పిల్లలు తెలియకుండానే వేల రూపాయలు ఖర్చుపెట్టేయగలరు. ఇది కేవలం పిల్లల పొరపాటు కాదని 2022లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు చూపించింది. ఫోర్ట్‌నైట్ గేమ్ తయారుచేసే ఎపిక్ గేమ్స్, పిల్లల సమాచారం సేకరించినందుకూ, అనుకోకుండా కొనేసేలా మీటలు అమర్చినందుకూ కలిపి 52 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. అపరిచితులతో మాట్లాడే చాట్ మొదటి నుంచే తెరిచి ఉంచడం కూడా ఆ కేసులో ఒక ఆరోపణ.

చాట్‌లో వినిపించే బూతులు, వేధింపులు ఒక సమస్య. స్నేహం నటించి ఫొటోలు, ఇంటి చిరునామా, ఓటీపీ రాబట్టేవారు అంతకన్నా ప్రమాదం. గేమ్‌లో డబ్బులా వాడే డైమండ్లు, యూసీలు ఉచితంగా ఇస్తామంటూ వచ్చే లింకుల్లో చాలావరకు మోసాలే.

హింస సంగతి

కాల్పుల గేమ్‌లు ఆడిన పిల్లలు హింసకు దిగుతారా అన్న వాదన పాతదే. 1993లో అమెరికా సెనేట్‌లో మోర్టల్ కోంబాట్ లాంటి హింసాత్మక గేమ్‌ల మీద జరిగిన చర్చల ఫలితంగా మరుసటి ఏడాది వయసు రేటింగ్ సంస్థ ఈఎస్‌ఆర్‌బీ ఏర్పడింది. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 14, 15 ఏళ్ల బ్రిటన్ పిల్లలు 1,004 మందిని పరిశీలించి, హింసాత్మక గేమ్‌లకూ దుడుకు ప్రవర్తనకూ సంబంధం కనిపించలేదన్నారు. ఇలాంటి గేమ్‌లతో అరవడం, తోయడం లాంటి దుడుకుతనం కొద్దిగా పెరగొచ్చని, నిజమైన హింసకు వాటినే కారణంగా చూపడానికి మాత్రం తగిన ఆధారాలు లేవని 2020లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ చెప్పింది. అయినా నెత్తుటి దృశ్యాలు చిన్నపిల్లలకు తగినవి కావు. భయం, పీడకలలు వారికి వేరే బాధ.

అలవాటు ఎప్పుడు జబ్బవుతుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల జాబితాలో గేమింగ్ రుగ్మత ఉంది. దానికి లక్షణాలు మూడు: ఆట మీద అదుపు తప్పడం, తిండి, చదువు, మనుషుల కన్నా ఆటే ముఖ్యం కావడం, నష్టం కళ్లముందు కనిపిస్తున్నా ఆపలేకపోవడం. మామూలుగా ఏడాదిపాటు ఇవి కొనసాగి, జీవితం దెబ్బతింటేనే జబ్బుగా లెక్క. సెలవుల్లో నాలుగు రోజులు ఎక్కువ ఆడినంత మాత్రాన ఆ ముద్ర వేయకూడదు. ఆడేవారిలో కొద్దిమందికే ఇది వస్తుంది. ఒంటరితనం, దిగులు, బడిలో వేధింపుల నుంచి తప్పించుకోవడానికి గేమ్‌లోకి వెళ్లిన పిల్లలకు ఫోన్ లాక్కోవడం వైద్యం కాదు. లోపలి బాధ కనుక్కోవాలి. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి షట్ క్లినిక్ పేరుతో ఇందుకు ప్రత్యేక వైద్యం అందుతోంది. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసినా సలహా దొరుకుతుంది.

చట్టాలు చేయగలిగినంత

దక్షిణ కొరియా 2011లో 16 ఏళ్లలోపు పిల్లలకు అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా ఆన్‌లైన్ గేమ్‌లు నిషేధించింది. ఆట కంప్యూటర్ నుంచి ఫోన్‌లోకి మారడంతో ఆ చట్టానికి అర్థం లేకుండా పోయి, పదేళ్ల తర్వాత అది రద్దయింది. చైనా 2021 నుంచి 18 ఏళ్లలోపు వారికి శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 దాకా మాత్రమే అనుమతిస్తోంది. పెద్దల అకౌంట్లతో ఆడే పిల్లలు అక్కడా ఉన్నారు. మన దేశంలో 2020 సెప్టెంబరులో పబ్‌జీ అనే బాటిల్ రాయల్ గేమ్‌ను ఆపింది డేటా భద్రత, దేశ సార్వభౌమత్వం కారణాలతో, పిల్లల కోసం కాదు. డబ్బు పందెం గేమ్‌లను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించగా, 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం దేశమంతటా వాటిని నిషేధించి, పోటీలుగా ఆడే ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహించాలంది. మామూలు గేమ్ ఎంతసేపు ఆడాలన్నది మాత్రం ఇంటికే మిగిలింది.

ఇంట్లో పాటించదగినవి

రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దని, ఐదేళ్ల దాకా రోజుకు గంట మించకూడదని, పదేళ్ల దాకా రెండు గంటల లోపే ఉండాలని భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2021లో సూచించింది. చదువు, టీవీ, గేమ్ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. డౌన్‌లోడ్ చేసేముందు ప్లే స్టోర్‌లో 3+, 7+, 12+, 16+, 18+ అని కనిపించే వయసు గుర్తు చూడాలి. అయితే ఆ గుర్తు గేమ్‌లోని దృశ్యాల గురించి చెబుతుంది. చాట్‌లో అవతల ఎవరున్నారో చెప్పదు. అందుకే చాట్‌ను స్నేహితులకే పరిమితం చేయాలి. కొనుగోలుకు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టాలి, యూపీఐ పిన్ పిల్లలకు చెప్పకూడదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ముగింపు ఉన్న ఆటలను, కట్టడం, పజిల్, చదరంగం లాంటివాటిని ఎంచుకుంటే ఆపడం తేలిక. భోజనం దగ్గర, పడకగదిలో ఫోన్ లేకుండా ఉండాలన్న నియమం పెద్దలకూ వర్తిస్తేనే పిల్లలు పాటిస్తారు. వారానికి ఒకసారైనా పక్కన కూర్చుని ఆ గేమ్ ఆడి చూసిన తల్లిదండ్రులకు, అది పిల్లల చేత ఏం చేయిస్తోందో ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలుస్తుంది. నిద్ర, బడి, ఆరుబయట ఆట, ఇంట్లో నలుగురితో కబుర్లు సజావుగా సాగుతూ ఉంటే, మిగిలిన సమయంలో గేమ్ ఆడటం గురించి ఆందోళన అక్కర్లేదు. ఈ నాలుగింటిలో ఏదైనా తగ్గుతూ వస్తే మాత్రం, గంటల లెక్క తక్కువే ఉన్నా ఆటను తగ్గించాల్సిందే.