తీరప్రాంత గృహాల కొనుగోలు - సెప్టిక్ వ్యవస్థ

భూగర్భ మురుగు కాలువలు లేనిచోట ఇంటి మురుగునీటిని ఆవరణలోనే శుద్ధిచేసి భూమిలోకి ఇంకింపజేసే ఏర్పాటును '''సెప్టిక్ వ్యవస్థ''' అంటారు. సముద్రం, నది లేదా సరస్సు ఒడ్డున ఇల్లు కొనేవారు దీనిని ముందుగా పరిశీలించుకోవలసి ఉంటుంది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన కేప్ కాడ్ ద్వీపకల్పం ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడి ఇళ్ళలో అధికభాగం సెప్టిక్ వ్యవస్థలపైనే ఆధారపడి ఉన్నాయి.

== పనిచేసే విధానం ==
మురుగునీరు మొదట సెప్టిక్ ట్యాంకులో చేరుతుంది. బరువైన మడ్డి అడుగుకు దిగి, కొవ్వు, నూనె పైకి తేలుతాయి. మధ్యలోని నీరు రంధ్రాల గొట్టాల ద్వారా ఇంకుడు క్షేత్రానికి చేరుతుంది. అసలు శుద్ధి జరిగేది ఇక్కడే. గొట్టాల కింది పొడినేలలోని సూక్ష్మజీవులు, ప్రాణవాయువు కలిసి హానికర క్రిములను చాలావరకు తొలగిస్తాయి.

== తీరంలో ఎదురయ్యే సమస్య ==
ఒడ్డున భూగర్భజలం నేలకు చేరువలో ఉంటుంది. నీటిమట్టం పెరిగి పొడినేల తడిసిపోతే మురుగు శుద్ధి కాకుండానే జలాలలో కలుస్తుంది. నేల పొడిగా ఉన్నా, సాధారణ వ్యవస్థ నత్రజనిని పూర్తిగా తొలగించలేదు. అది నైట్రేటుగా మారి, కేప్ కాడ్ ఇసుకనేలల గుండా ఉప్పుటేరులకు, అఖాతాలకు చేరుతుంది. దీనివలన నాచు విపరీతంగా పెరిగి, చేపలకు, ఆల్చిప్పలకు ఆశ్రయమైన సముద్రపు గడ్డి నశిస్తుంది.

== నిబంధనలు ==
మసాచుసెట్స్‌లో ఈ విషయమై "టైటిల్ 5" అనే నియమావళి అమలులో ఉంది. అందులోని ముఖ్యాంశాలు:
* సాధారణంగా ఇల్లు చేతులు మారడానికి ముందు 2 సంవత్సరాలలోపు తనిఖీ జరిగి ఉండాలి.
* కొత్త నిర్మాణాలలో ఇంకుడు క్షేత్రం ఉపరితల జలాలకు 50 అడుగులు, సొంత మంచినీటి బావికి 100 అడుగుల దూరంలో ఉండాలి.
* ఇంకుడు క్షేత్రం అడుగుకు, భూగర్భజలపు గరిష్ఠ మట్టానికి నడుమ కనీసం 4 అడుగుల నేల ఉండాలి.
* విఫలమైన వ్యవస్థను సాధారణంగా 2 సంవత్సరాలలోపు బాగుచేయాలి.

2023 జూలైలో వచ్చిన సవరణల ప్రకారం, నత్రజని వలన దెబ్బతిన్నట్లు గుర్తించిన కేప్ కాడ్ పరీవాహక ప్రాంతాలలో స్థానిక పట్టణం ప్రత్యేక అనుమతితో నివారణ ప్రణాళిక చేపట్టాలి. లేనిపక్షంలో నత్రజనిని తగ్గించే వ్యవస్థను ఇంటి యజమానులే ఏర్పరచుకోవలసి ఉంటుంది.

== కొనుగోలుదారులు గమనించవలసినవి ==
తనిఖీలో నెగ్గడం భవిష్యత్తుకు హామీ కాదు. అది తనిఖీనాటి స్థితిని మాత్రమే తెలుపుతుంది. వేసవిలో మాత్రమే నివసించిన ఇంటి వ్యవస్థ ఏడాది పొడవునా వాడకానికి తట్టుకోకపోవచ్చు. వ్యవస్థ పరిమాణాన్ని పడకగదుల సంఖ్యనుబట్టి, గదికి రోజుకు 110 గ్యాలన్ల (సుమారు 416 లీటర్ల) చొప్పున లెక్కిస్తారు. కనుక అదనపు గది కట్టాలన్న ఆలోచన ఉంటే దాని సామర్థ్యాన్ని ముందే తెలుసుకోవాలి. ట్యాంకును ఎప్పుడెప్పుడు ఖాళీ చేయించారో తెలిపే వివరాలను, స్థానిక ఆరోగ్య మండలి వద్దనున్న నక్షాను చూడాలి. అన్నిటికంటే ముఖ్యంగా, పాతది పాడైతే కొత్త ఇంకుడు క్షేత్రానికి స్థలం మిగిలి ఉందా అన్నది తేల్చుకోవాలి. ఇరుకైన ఒడ్డు స్థలాలలో మట్టి పోసి, నేలను ఎత్తుచేసి నిర్మించవలసి రావచ్చు. ఆ ఖర్చు ఎవరు భరించాలో ఒప్పందంలోనే వ్రాసుకోవడం మంచిది.